కాలువల నగరానికి మేమిద్దరమే

రాయికోడ్ వంటి ఊళ్ళో భార్యాభర్తలిద్దరూ సంచీ పట్టుకొని బస్సు కోసం నిలబడితే, చూసినవారు వేసే మొదటి ప్రశ్న "ఏం పని మీద?" అని. పెళ్ళి, దేవుడు, ఆసుపత్రి. ఈ మూడింటిలో ఏదో ఒకటి చెప్పగలగాలి. నాలుగవ కారణమంటూ ఒకటుండవచ్చునని ఎవరికీ తోచదు. పిల్లలు చదువులకు వెళ్ళిపోయి, ఇంట్లో మేమిద్దరమే మిగిలాక, ఒక సాయంత్రం మా ఆవిడ "మనిద్దరమే ఎటైనా రెండు దినాలు పోయొద్దామా?" అన్నది. సిగ్గుతోనే ఒప్పుకుంటున్నాను, నా నోట వచ్చిన మాట కూడా "ఏం పని మీద?" అనే.

ఆమె కోరికలు మూడే. నీళ్ళుండాలి. పాత నగరమై ఉండాలి. తెలిసినవారెవరూ ఎదురుపడకూడదు.

ఈ మూడూ వినగానే ఎవరికైనా గుర్తుకు వచ్చేది వెనిస్. నేనూ ఆ లెక్కలే వేశాను. వీసా దరఖాస్తు, బ్యాంకు కాగితాలు, వేలిముద్రలు, దారిలో విమానం మారడం. పోను ఒక రోజు, రాను ఒక రోజు. నాలుగు రోజుల సెలవులో మిగిలే రెండు రోజులూ నిద్రమత్తుకే సరి. ఆ నగరమేమో జనం తాకిడికి విసిగి, 2024 ఏప్రిల్ 25 నుండి, రాత్రి బస చేయకుండా వచ్చిపోయేవారి వద్ద రద్దీ రోజులలో 5 యూరోల ప్రవేశ రుసుము వసూలు చేయడం మొదలుపెట్టింది. వెనిస్ మీద నాకే కోపమూ లేదు. పది రోజుల తీరిక, అందుకు తగిన డబ్బు ఉన్నవారు తప్పక వెళ్ళాలి. కానీ రెండు రోజుల విరామానికి అంత దూరం పోవడం గుక్కెడు నీళ్ళకు గోదావరి దాకా నడవడమే.

మన బెజవాడ మాటేమిటని అడగవచ్చు. ఏలూరు, బందరు, రైవస్ కాలువలు ఊరి నడుమనే పారుతాయి. ఒకప్పుడు మనుషులూ సరుకులూ ఆ కాలువలలో పడవల మీదనే సాగేవారు. అయితే అక్కడ మా ఆవిడ తరఫు చుట్టాలు వీధికొకరున్నారు. మూడవ కోరిక మొదటి మలుపులోనే చెల్లిపోతుంది.

పెరటి చెట్టు మందుకు పనికిరాదంటారు. మా పెరట్లో ఉన్న కాలువల నగరం బీదరు. జహీరాబాద్ మీదుగా పూటలోపే చేరవచ్చు. 1956లో రాష్ట్రాల పునర్విభజన జరిగేవరకూ జహీరాబాద్ తాలూకా బీదరు జిల్లాలోనిదే. మా తాతల కాలంలో జిల్లా కచేరీ పని అంటే బీదరు ప్రయాణమే. అటువంటి ఊరిని మేము సంతకూ, ఆసుపత్రికీ తప్ప మరి దేనికీ తలచుకోలేదు.

బీదరులో కాలువలెక్కడివని మా ఆవిడ కూడా నవ్వింది. అవి నేల మీద లేవు, నేల కింద ఉన్నాయి. 15వ శతాబ్దపు మూడవ దశకంలో అహ్మద్ షా బహమనీ గుల్బర్గా నుండి రాజధానిని బీదరుకు మార్చాడు. ఎత్తైన పీఠభూమి కనుక కోటకు మంచి చోటే, కానీ నీటికి కష్టం. పైన సచ్ఛిద్రమైన ఎర్రరాయి, కింద గట్టి నల్లరాయి. వాననీరు ఎర్రరాతిలోనుండి ఇంకి, నల్లరాయి అడ్డుపడగానే దాని మీదుగా పక్కకు సాగుతుంది. పారశీక దేశపు పద్ధతిలో ఆ నీటి జాడ పట్టుకొని, సన్నని వాలుతో సొరంగం తొలిచి, గాలీ వెలుతురూ అందేందుకూ, నీళ్ళు తోడుకొనేందుకూ పైనుండి వరుసగా బావులు దించారు. దానినే కరేజ్ అంటారు. నౌబాద్ వద్ద ఉన్న కరేజ్ రెండు కిలోమీటర్లకు పైబడి సాగుతుంది. శతాబ్దాల పాటు చాలామంది దాని పైననే నడిచారు, కింద ఏమున్నదో ఎరుగకుండా. కొన్ని బావులలో చెత్త కూడా నింపారు. ప్రపంచ స్మారకాల నిధి తన 2014 జాబితాలో బీదరు చారిత్రక నగరాన్ని చేర్చింది. ఆ తరువాతనే కరేజ్ పూడికతీతకు ఊపు వచ్చింది.

ఇక్కడ పడవ ఉండదు, పాట పాడే పడవవాడూ ఉండడు. ఆ ఆశతో వెళ్ళకూడదు. బావి గట్టున నిలబడి లోపలి చీకటిలోకి తొంగిచూడటమే ఉంటుంది. నా మటుకు నాకు, ఇద్దరు మనుషులు పక్కపక్కన ఊరక నిలబడేందుకు అది చాలు.

మా ప్రణాళిక ఇది. వానలు వెనుకబడి ఎండలు ముదరకముందు, అంటే అక్టోబరు ఫిబ్రవరి నడుమ వెళ్ళాలి. రోజుకు రెండు చోట్లు, అంతకు మించి వద్దు. మొదటి రోజు ఉదయం కరేజ్, సాయంత్రం మహమూద్ గవాన్ కట్టించిన మదరసా. 1472 నాటి ఆ గోడలపై రంగు పలకలు ఇంకా కొన్ని నిలిచి ఉన్నాయి. రెండవ రోజు ఉదయం కోట. రాతిని తొలిచి చేసిన మూడు వరుసల కందకం చూసి, రంగీన్ మహల్‌లో నల్లరాతిలో పొదిగిన ముత్యపుచిప్పల పని చూడాలి. తాళం వేసి ఉంటే అక్కడి పురావస్తు కార్యాలయంలో అడగాలి. పొద్దు వాలే వేళకు అష్టూరు సమాధులు. మధ్యాహ్నాలు ఏమీ పెట్టుకోలేదు. చౌబారా దగ్గర బిద్రీ పనివారు వెండి తీగ పొదగడం చూస్తూ కూర్చోవచ్చు, లేదా గదిలో నిద్రపోవచ్చు. నరసింహ ఝరణిలో ఛాతీలోతు నీటిలో నడవాలన్న కోరిక ఆమెది. మార్గం తెరిచి ఉందో లేదో ముందే కనుక్కోవాలి, మార్చుకొనేందుకు పొడిబట్టలూ పట్టుకుపోవాలి.

మిగిలింది మూడవ కోరిక. బీదరు వీధులలో జహీరాబాద్ వైపు వారు ఎదురుకాకుండా ఉండరు. ఇక్కడే నా అభిప్రాయం స్పష్టంగా చెప్పాలి. మనం దూరపు నగరాలను కోరుకోవడంలో సగం ఆ నగరాల మీది మోజు, సగం ఈ ప్రశ్నకు భయం. ఎవరూ ఎరుగని చోట తప్ప భార్యాభర్తలు భార్యాభర్తలుగా తిరగలేరన్న భయం. డబ్బున్నవారు ఆ భయాన్ని విమానం టిక్కెట్టుతో తీర్చుకుంటారు. లేనివారు ప్రయాణమే మానుకుంటారు. మా అమ్మానాన్నలు అలా మానుకున్నవారే. నాన్న పోయాక అమ్మ ఒక్కసారి మాత్రం అన్నది, "మీ నాయినతోని తీర్థం తప్ప యాడికీ పోలేదు" అని. ఆ మాటలో ఫిర్యాదు లేదు, అందుకే నాకు మరింత గుర్తుండిపోయింది.

ఇదంతా చెప్పాక మా ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. తరువాత మూడవ కోరికను తనే కొట్టేసింది. "ఎవరన్నా ఎదురైతే ఏం చెప్తరు?" అని మాత్రం అడిగింది.

ఏ పనీ లేదు, ఊరికే వచ్చాం అని చెబుతాను.