రేగడి మీద ఇల్లు కట్టే బిడ్డలకు

మద్నూర్ బిడ్డలారా,

మీలో చాలామంది ఇంటి పని మొదలుపెడుతున్నారు. ఇందిరమ్మ ఇంటికి వచ్చే 5 లక్షలు దశలవారీగా పడతాయి. మొదటి లక్ష బేస్‌మెంట్ పూర్తయ్యాకే. ఆ లక్ష కోసం పునాది పనిని ఉరికించకండి. మన దగ్గర ఇల్లు నిలిచేదీ పగిలేదీ అక్కడే.

మనది నల్లరేగడి. వానాకాలం నీళ్లు తాగి ఉబ్బుతుంది, ఎండాకాలం నెర్రెలిస్తుంది. పత్తికి, సోయాకు అది బంగారం, గోడకు మాత్రం పగ. గుంతలు తీసే రోజు మీరే దగ్గరుండండి. ఎన్ని ఫీట్లు తవ్వారన్నది కాదు, గట్టి మొరం తగిలిందా అని సుతారిని అడగండి. రేగడి మరీ లోతుగా ఉంటే ఇంజనీరును పిలవండి. ఇలాంటి నేలల కోసమే రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ అడుగున వెడల్పయ్యే పైళ్లను రూపొందించింది.

తవ్విన రేగడినే మళ్లీ బేస్‌మెంట్‌లో నింపితే చవకే. కానీ అది లోపల ఉబ్బి, మీరు ముచ్చటపడి వేయించుకున్న బండలను లేపుతుంది. మొరం పోయించి, పొరపొరకూ తడిపి, దిమ్మిస కొట్టించండి.

ఫుటింగ్ జాలి కింద కవర్ బ్లాకులు ఉన్నాయో లేదో వంగి చూడండి. ఫుటింగ్‌కు 50 మిల్లీమీటర్లు, పిల్లరుకు 40, స్లాబుకు 20 కవరు ఉండాలి. అది లేకుంటే సలాకకు తేమ తగిలి తుప్పు పడుతుంది, తుప్పు ఉబ్బి కాంక్రీటును చీలుస్తుంది. ఇటుక ముక్కలు పెడతామంటే ఒప్పుకోకండి. పిల్లర్లన్నింటినీ కలిపి పట్టే ప్లింత్ బీమును ఖర్చు తగ్గుతుందని ఎవరు చెప్పినా వదలకండి. దాని కింద రేగడి ఉబ్బడానికి కొంత ఖాళీ ఉంచమని ఇంజనీర్లు చెబుతారు, వినండి.

లింటెల్, సజ్జ, పిట్టగోడ కంటికి కనిపించేవే. తేడా వస్తే మీకే తెలుస్తుంది. క్యూరింగ్ అలా కాదు. మన ఎండల్లో కనీసం 10 రోజులు స్లాబు తడి ఆరకూడదు. గిలాబు, రంగులు ఆ తర్వాతి మాట. స్నానాల నీళ్లు, వాన నీళ్లు గోడ పక్కన ఇంకకుండా ఇంటి చుట్టూ బయటికి వాలుగా గచ్చు చేయించండి.

మన సుతారులకు ఇవన్నీ తెలుసు. అడిగే యజమాని ఉంటే మనసుపెట్టి చేస్తారు, సిగ్గుపడకుండా అడగండి. కాంక్రీటు పోసే ముందు జాలికి, సలాకలకు ఫొటోలు తీసి దాచుకోండి. రేపు పై అంతస్తు వేయాలన్నప్పుడు లోపల ఏముందో ఇంజనీరుకు చూపించడానికి అవే మిగులుతాయి.

ఇట్లు,
మీ ఊరి పెద్ద