సామాన్యుడి సీటు ఎందుకు ఖాళీ అయింది?

అమెరికాలో టెనెసీ రాష్ట్రంలోని బ్రిస్టల్ ట్రాక్‌లో 1982 నుంచి వరుసగా 55 నాస్కార్ కప్ రేసులకు టికెట్లన్నీ అమ్ముడుపోయాయి. సుమారు 1.6 లక్షల సీట్లున్న ఆ ట్రాక్‌లో 2010 మార్చిలో ఆ వరుస తెగింది. స్టాక్ కార్ రేసులపై మోజు తగ్గిందని అప్పట్లో చాలామంది తేల్చేశారు. మోజు కన్నా ముందు తగ్గింది జేబులో డబ్బు అని మేమంటాం.

ఈ స్టాండ్లను నింపింది ఎక్కువగా వడ్రంగులు, మెకానిక్కులు, ట్రక్కు డ్రైవర్లే. ఇళ్ల నిర్మాణం కుప్పకూలినప్పుడు దెబ్బ ముందుగా తగిలింది మాలాంటి నిర్మాణ రంగం వాళ్లకే. 2008 జూన్‌లో గ్యాలన్ పెట్రోలు 4 డాలర్లు దాటింది. 2009లో జనరల్ మోటార్స్, క్రిస్లర్ దివాలా తీశాయి. రేసంటే టికెట్ ఒక్కటేనా? వందల మైళ్ల ప్రయాణం, రెండు రాత్రుల బస, ఇంటిల్లిపాదికీ తిండి. ఇంటి వాయిదా కట్టడమే గగనమైతే ఇవన్నీ ఎక్కణ్ణుంచి వస్తాయి?

కొన్ని ట్రాకులు టికెట్ ధరలు తగ్గించిన మాట నిజమే. కానీ దారి ఖర్చు ఉండనే ఉంది. పైగా 2004 తర్వాత నార్త్ కరోలినాలోని రాకింగ్‌హామ్‌కు కప్ రేసు లేకుండా చేయడంతో పాత అభిమాని మనసు అప్పటికే నొచ్చుకుంది. ఏటా వెళ్లే అలవాటు ఒకసారి తెగితే, పనులు దొరికినా మళ్లీ అతకదు. డేటోనా సైతం 2016 నాటికి వెనుకవైపు స్టాండ్లు తీసేసి, సీట్లను లక్షకు కాస్త పైన ఆపింది.

స్టాండ్లు కూల్చడం తేలిక, జనాన్ని రప్పించడమే కష్టం. మళ్లీ గడ్డుకాలం రాకముందే నిర్వాహకులు కూలినాలి చేసుకునే కుటుంబం భరించగల సీటు గురించి ఆలోచించాలి.