13 మ్యాచ్‌ల అనుభవం.. చేతికి ఇంటర్ పగ్గాలు! చివు గట్టెక్కించేనా?

ఛాంపియన్స్ లీగ్ ఫైనల్‌లో పీఎస్‌జీ చేతిలో 0-5తో చిత్తయింది ఇంటర్ మిలాన్. ఆ వెంటనే కోచ్ సిమోన్ ఇంజాగీ తప్పుకోవడంతో, 2025 జూన్‌లో రొమేనియా మాజీ డిఫెండర్ క్రిస్టియన్ చివుకు పగ్గాలు అప్పగించింది. ఇటలీ టాప్ లీగ్ సీరీ-ఏలో కోచ్‌గా అప్పటికి అతడి అనుభవం 13 మ్యాచ్‌లే. మరి అంత పెద్ద క్లబ్ ఎందుకు నమ్మింది?

పాత బంధం ఒక కారణం. 2010 జనవరిలో పుర్రె ఎముక విరిగి ఆపరేషన్ జరిగినా, తలకు రక్షణ కవచంతో మళ్లీ బరిలోకి దిగాడు చివు. అదే ఏడాది ఛాంపియన్స్ లీగ్ గెలిచిన ఇంటర్ జట్టులో ఉన్నాడు. 2022లో ఇంటర్ యూత్ టీమ్‌ను ఇటలీ చాంపియన్‌గా నిలిపాడు. 2025 ఫిబ్రవరిలో పార్మా బాధ్యతలు తీసుకుని, ఆ జట్టు కింది డివిజన్‌కు పడిపోకుండా కాపాడాడు.

అయితే పార్మాలో గట్టెక్కితే చాలు. ఇంటర్‌లో రెండో స్థానమూ ఓటమి కిందే లెక్క. కుర్రాళ్లకు ఆట నేర్పడం వేరు, ఫైనల్లో కుదేలైన సీనియర్లను మళ్లీ లేపడం వేరు. చివుకు అసలు పరీక్ష అదే.