తుక్కులో కరిగిపోతున్న అయస్కాంతాలు

పాత కంప్యూటర్‌ హార్డ్‌డిస్క్‌ విప్పితే ఓ మూలన నికెల్‌ పూతతో తళతళలాడే చిన్న అయస్కాంతం కనిపిస్తుంది. ఇనుప రేకును కరుచుకుందంటే వేళ్లతో ఊడదీయడం కష్టం. ఆ బలం నియోడిమియంది. విద్యుత్‌ కారు మోటారులోనైతే వేడికి పట్టు సడలకుండా డిస్ప్రోసియం కూడా కలుపుతారు. హార్డ్‌డిస్క్‌ను యంత్రంలో వేసి ముక్కలు చేస్తే ఈ అయస్కాంతం పొడై ఇనుప ముక్కలకు అతుక్కుంటుంది. వాటితోపాటే కొలిమికి చేరి, చిట్టెంలో కలిసిపోతుంది.

ప్రపంచం 2022లో 6.2 కోట్ల టన్నుల ఈ-వ్యర్థాలు పోగేసిందని ఐక్యరాజ్యసమితి నివేదిక లెక్కగట్టింది. నియోడిమియం, డిస్ప్రోసియం వంటి రేర్‌ ఎర్త్‌ లోహాల గిరాకీలో ఈ చెత్త నుంచి తీరుతున్నది 1 శాతమే! బంగారానికీ రాగికీ ఎగబడేవారున్నారు, వీటిని పట్టించుకునేవారు లేరు. ఈ లోహాలు రసాయన గుణాల్లో కవలల్లా ఉంటాయి. వేరుచేయాలంటే ఆమ్లాలు, కిరోసిన్‌ వంటి ద్రావకాలతో పదుల దశలు, ఒక్కోసారి వందల దశలు దాటించాలి. కొద్దిపాటి తుక్కుకు ఆ ఖర్చు గిట్టదు.

దారి చూపింది ఓ సూక్ష్మజీవి. ఆకులపై బతుకుతూ మిథనాల్‌తో పెరిగే బ్యాక్టీరియాలో లాన్‌మాడ్యులిన్‌ అనే ప్రొటీన్‌ను అమెరికాలోని పెన్‌ స్టేట్‌ విశ్వవిద్యాలయానికి చెందిన జోసెఫ్‌ కొట్రూవో బృందం 2018లో వెలుగులోకి తెచ్చింది. కాల్షియంతో పోలిస్తే రేర్‌ ఎర్త్‌లపై దాని పట్టు 10 కోట్ల రెట్లు ఎక్కువ. లారెన్స్‌ లివర్‌మోర్‌ ప్రయోగశాలతో కలిసి ఆ ప్రొటీన్‌ను సన్నని పూసలకు అతికించి గొట్టంలో నింపారు. లోహాలు కరిగిన ద్రవాన్ని పైనుంచి వదిలితే అక్కర్లేనివి కిందికి జారిపోతాయి, రేర్‌ ఎర్త్‌లు పూసల దగ్గరే ఆగిపోతాయి. ఆ తర్వాత కాస్త ఆమ్లం పోస్తే అవీ దిగివస్తాయి. పూసలు మళ్లీ పనికొస్తాయి. ఓక్‌ మొగ్గల్లో దొరికిన మరో బ్యాక్టీరియా ప్రొటీన్‌తో 2023లో నియోడిమియం, డిస్ప్రోసియంలను ఒకే దశలో, 98 శాతానికి మించిన స్వచ్ఛతతో విడదీశారు. అమైనో ఆమ్లాలు మార్చి ఈ పట్టును ఇంకా సవరించుకోవచ్చు.

అయితే ప్రయోగశాల గొట్టం వేరు, టన్నుల తుక్కు వేరు. ముందు అయస్కాంతాన్ని పరికరం నుంచి చెక్కుచెదరకుండా బయటికి తీయాలి. ఆ పని ఏ ప్రొటీనూ చేయదు.

మన దేశం ఇక్కడే తడబడుతోంది. 2025 ఏప్రిల్‌లో చైనా డిస్ప్రోసియం సహా ఏడు రేర్‌ ఎర్త్‌ల ఎగుమతిపై ఆంక్షలు పెట్టగానే మన వాహన పరిశ్రమ కలవరపడింది. తర్వాత రీసైక్లింగ్‌ ప్రోత్సాహకాలకు కేంద్రం రూ.1,500 కోట్లు ప్రకటించింది, మంచిదే. కానీ 2023 నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నిబంధనల కింద రీసైక్లర్లు తయారీదారులకు అమ్ముకునే సర్టిఫికెట్లు మొదలైంది బంగారం, రాగి, అల్యూమినియం, ఇనుములకే. నియోడిమియం తీసినవాడికి సర్టిఫికెట్‌ రాకపోతే ఎందుకు తీస్తాడు?

హైదరాబాద్‌ చర్లపల్లిలోని పరిశోధన సంస్థ సీ-మెట్‌ సర్క్యూట్‌ బోర్డుల నుంచి లోహాలు రాబట్టే విద్యలో ఆరితేరింది. విశాఖలో ప్రభుత్వ రంగ సంస్థ ఐఆర్‌ఈఎల్‌ సమేరియం-కోబాల్ట్‌ అయస్కాంతాల కర్మాగారం నెలకొల్పింది. లోహాలు తీసేవారూ ఉన్నారు, అయస్కాంతాలు చేసేవారూ ఉన్నారు. ప్రొటీన్‌ పూసల పద్ధతిని మన తుక్కుపై పరీక్షించే బాధ్యతను కేంద్రం వీరికి అప్పగించాలి. అంతకన్నా ముందు సర్టిఫికెట్ల జాబితాలో నియోడిమియం, డిస్ప్రోసియంలను చేర్చాలి.