వడ్డించే చేయి కాస్త ఆగాలి

మా మసీదులో పదేళ్ల క్రితం గోడవారగా ఒకటో రెండో కుర్చీలు ఉండేవి. నేడు వరుస చివర ఎనిమిది కనిపిస్తున్నాయి. వాటిపై కూర్చునేవారిలో కొందరు నాకన్నా చిన్నవారు. నిలబడలేనివారు కూర్చుని నమాజు చేసుకునే వెసులుబాటును ధర్మమే ప్రసాదించింది. అందులో దోషం లేదు. కాని సజ్దాలో నుదురు నేలకు ఆనించలేకపోతున్నానని ఒక పెద్దాయన కంటతడి పెట్టినప్పుడు, ఆ మోకాళ్లపై అంత భారం ఎలా చేరిందన్న ఆలోచన నన్ను వెంటాడింది.

వయసు మీదపడేకొద్దీ కండరాలు క్షీణిస్తాయి. శరీరం వ్యయం చేసే శక్తి తగ్గుతుంది. భోజనం మాత్రం నలభయ్యో ఏట ఉన్నట్లే సాగితే, మిగిలినదంతా కొవ్వుగా పొట్ట చుట్టూ చేరుతుంది. మన దేశంలో నడుము చుట్టుకొలత పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటితే వైద్యులు హెచ్చరిస్తారు. మోకాళ్ల నొప్పులున్న స్థూలకాయులు ఒక్క కిలో బరువు తగ్గినా, ప్రతి అడుగులోనూ మోకాలిపై సుమారు నాలుగు కిలోల భారం తగ్గుతుంది.

అలాగని హఠాత్తుగా కడుపు మాడ్చుకోవడమూ పొరపాటే. అప్పుడు కొవ్వుతోపాటు కండ కూడా కరిగి, తూలిపడే ప్రమాదం పెరుగుతుంది. తగ్గించవలసినవి అన్నం, నూనె, మిఠాయిలు, చాయ్‌లో చక్కెర. ఒక పెద్ద చెంచా నూనెలోనే దాదాపు 120 కేలరీలున్నాయి. పప్పు, గుడ్డు, చేప, పెరుగు, కూరగాయలు పళ్లెంలో ఉండవలసిందే. మధుమేహానికి మందులు వాడేవారు వైద్యుణ్ణి సంప్రదించకుండా పూట భోజనం మానరాదు.

కడుపులో మూడోవంతు ఆహారానికి, మూడోవంతు నీటికి, మూడోవంతు శ్వాసకు వదలమని దైవప్రవక్త ముహమ్మద్ (స) బోధించారు. ఈ బోధనను ప్రసంగాల్లో వింటాము. దస్తర్‌ఖాన్ ముందు మరచిపోతాము. దావత్‌లో బగారా అన్నం, దాల్చా తిన్న పెద్దవారికి "ఇంకొంచెం" అంటూ డబుల్ కా మీఠా వడ్డించి, అదే గౌరవమనుకుంటాము. వద్దన్న పెద్దవారి మాటను మన్నించడం అంతకన్నా గొప్ప గౌరవం. తల్లిదండ్రుల సేవ అంటే పళ్లెం నింపడమొక్కటే కాదు. సాయంత్రం వారి చేయి పట్టుకుని నాలుగడుగులు నడిపించడం కూడా.

ఆ పెద్దాయన ఇంట్లో రాత్రి అన్నం సగానికి తగ్గింది. ఆయన ఇప్పటికీ కుర్చీలోనే నమాజు చేస్తున్నారు. కాని ఆటోలో వచ్చేవారు, ఇప్పుడు అస్ర్ నమాజుకు మనవడితో కలిసి నడిచి వస్తున్నారు. అల్లాహ్ ఆయన మోకాళ్లకు బలాన్ని, మన చేతులకు మితాన్ని ప్రసాదించుగాక. ఆమీన్.