స్త్రీల రొమ్ము వ్యాధులు – మన మౌనము

కళాశాల వార్షిక సంచికలో ఇటువంటి శీర్షిక చూచి కొందరు పెద్దలు నొసలు ముడుచుకొనవచ్చునని మేమెరుగుదుము. సాహిత్యము బోధించేవారికి వైద్యముతో పని యేమని అడుగవచ్చును. వైద్యము చెప్పుట మా వృత్తి కాదు. కాని మాటలను గూర్చి ఆలోచించుట మా వృత్తియే. ఈ వ్యాధుల విషయములో మొదటి చిక్కు మాట దగ్గరనే వస్తున్నది.

మన భాషలోని ఒక వింతను గమనించండి. ‘చనుబాలు’ అన్న మాటను తల్లులు, తాతలు, వేదికలెక్కిన వక్తలు ఏ సంకోచమూ లేకుండ పలుకుతారు. అందులోని ‘చన్ను’ను విడిగా పలుకవలసి వస్తే మాత్రము నోరు పెగలదు. ‘రొమ్ము విరుచుకొని నిలిచాడు’ అంటే వీరము. అదే మాటను స్త్రీ తన వ్యాధిని చెప్పుకొనుటకు వాడితే వినేవారు తల దించుకుంటారు. మన ప్రబంధ కవులు నాయికా వర్ణనలలో కుచ, స్తన, పయోధర శబ్దములను లెక్కకు మిక్కిలిగా ప్రయోగించినారు. పయోధరమంటే మేఘమని ఒక అర్థము, స్తనమని ఇంకొక అర్థము. ఆ శ్లేషను తరగతిలో విడమరచి చెబుతాము, పరీక్షలో అడుగుతాము, మార్కులు కూడ వేస్తాము. చనుమొనకు ‘చూచుకము’ అని నిఘంటువులో వేరే పదమే ఉన్నది. ఇన్ని మాటలున్న భాషలో, ఆ అవయవమునకు వ్యాధి వస్తే చెప్పుకొనుటకు స్త్రీకి మాట దొరకదు. ‘గుండెలో నొప్పి’ అంటుంది. ఉర్దూ మాట్లాడే ఇళ్ళలోనూ ఇదే తంతు. ‘సీనేమే దర్ద్’ అన్న మాట విని మందుల దుకాణము వాడు గ్యాసు మాత్ర ఇచ్చి పంపుతాడు.

ఈ మౌనము ఖరీదైనది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధన విభాగము వేసిన అంచనా ప్రకారము 2022లో మన దేశములో సుమారు 1,92,000 మంది స్త్రీలకు కొత్తగా రొమ్ము క్యాన్సరు బయటపడినది. అదే సంవత్సరము దాదాపు 98,000 మంది దానివలన మరణించినారు. భారత స్త్రీలకు వచ్చే క్యాన్సరులన్నింటిలో ఇదే మొదటి స్థానములో ఉన్నది. ఆసుపత్రికి ఆలస్యముగా వచ్చుటయే ఇన్ని మరణములకు ఒక పెద్ద కారణమని వైద్యులు చెబుతున్నారు. ఆ ఆలస్యములో దూరము, దారిద్ర్యము ఉన్నమాట నిజమే. సిగ్గు వాటా కూడ తక్కువేమీ కాదని మా నిశ్చితాభిప్రాయము.

అయితే రొమ్ములో కలిగే ప్రతి మార్పూ క్యాన్సరు కాదు. అధిక భాగము కాదు. మన విద్యార్థినులు ముందుగా తెలిసికొనవలసినది ఇదే. నెలసరికి వారము ముందు రెండు రొమ్ములూ బరువెక్కి నొప్పి పెట్టుట, నెలసరి రాగానే తగ్గుట శరీర ధర్మము. పదిహేను మొదలు ముప్పది యేళ్ళ లోపు యువతులకు వచ్చే గడ్డలలో ఎక్కువ భాగము ఫైబ్రోఎడినోమా అనే నిరపాయకరమైన గడ్డలు. గోళీకాయవలె గుండ్రముగా, నున్నగా ఉండి, వ్రేలితో నొక్కితే ప్రక్కకు జారిపోతాయి. అయినను పరీక్ష చేయించుకొనవలసినదే. వైద్యురాలు చేతితో చూచి, అల్ట్రాసౌండు తీయించి, అవసరమైతే సూదితో పరీక్షకు తీసి నిర్ణయిస్తుంది. సూది గుచ్చితే గడ్డ క్యాన్సరుగా మారుతుందని మన వాడలలో ఒక నమ్మకమున్నది. అది అబద్ధము. ఈ ఒక్క అబద్ధమువలన సూదికి వెరచి వెనుకకు మరలినవారెందరో!

ఇక్కడ ప్రకృతి ఒక తిరకాసు పెట్టినది. భయపెట్టే నొప్పులు సాధారణముగ నిరపాయమైనవి. ప్రమాదకరమైన గడ్డ తొలి దశలో తరచు నొప్పి పెట్టదు. నొప్పి లేదు గదా అని ఊరకుండుట, నొప్పి వచ్చినదని వణకిపోవుట – రెండూ తలక్రిందులైన లెక్కలే.

మగపిల్లలు ఈ పుటను త్రిప్పివేయకుందురు గాక. యౌవనారంభములో సగము మందికి పైగా బాలురలో రొమ్ము కొంచెము ఉబ్బుతుంది, చనుమొన క్రింద గట్టిగా బిళ్ళవలె తగులుతుంది. హార్మోనుల తారతమ్యమే దానికి కారణము. ఏడాది రెండేళ్ళలో చాల మందికి దానంతట అదే పోతుంది. దీనికి సిగ్గుపడి ఈతకు పోనివారు, ఆటలు మానినవారు మన విద్యార్థులలోనే ఉంటారు. వ్యాయామశాలలలో కండలకని అమ్మే స్టెరాయిడ్లవలన కూడ ఇది రావచ్చును, ఆ సంగతి అమ్మేవాడు చెప్పడు. రొమ్ము క్యాన్సరు పురుషులకును వస్తుంది, ఆ వ్యాధి వచ్చినవారిలో నూటికి సుమారు ఒకరి చొప్పున మాత్రమే.

ఇంటి విషయములకు వద్దాము. బాలింతల బాధలు మన ఇళ్ళలో కావలసినంత చూస్తున్నాము, వాటిని గూర్చి పొరపాటు సలహాలను అంతకంటె ఎక్కువగా వింటున్నాము. మొదటి వారములలో చనుమొనలు పగిలి రక్తము కారుతుంది. బిడ్డ మొనను మాత్రమే పట్టి లాగుట అందుకు ముఖ్య కారణము. మొన చుట్టునున్న నల్లని వలయములో చాల భాగము కూడ బిడ్డ నోటిలోనికి పోవలెను. పట్టు సరిచేస్తే పగులు కొన్నాళ్ళలో మానుతుంది. సబ్బుతో మాటిమాటికి కడుగుట కీడు. పాలు పట్టిన పిమ్మట రెండు చుక్కల చనుబాలే రాచి ఆరనిచ్చుట మేలు. పాలు నిలిచి రొమ్ములో ఒక భాగము ఎర్రబారి, వేడెక్కి, చలిజ్వరము వస్తే ‘చెడిపోయిన పాలు’ అని బిడ్డను మాన్పించుట మన పెద్దల అలవాటు. వైద్యులు అందుకు విరుద్ధముగా చెబుతున్నారు. పాలు మాన్పరాదు, గట్టిగా పిసుకరాదు, చల్లని గుడ్డ వేయవచ్చును, ఒకటి రెండు రోజులలో తగ్గకపోతే వైద్యుని చూడవలెను. ఉపేక్షిస్తే చీముగడ్డ అవుతుంది. ఇప్పుడు చాల చీముగడ్డలను కత్తి పెట్టకుండ సూదితోనే లాగివేస్తున్నారు.

పెద్దల మాటలన్నీ మూఢములని మేమనము. పాలు ఇంకుటకు బాలింతల రొమ్ములపై మల్లెపూలు కట్టుట దక్షిణ దేశములో పాత ఆచారము. 1988లో వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలకు చెందిన వైద్యులు దానిని మందుబిళ్ళతో పోల్చి పరీక్షించి, మల్లెపూలు కూడ పాలను తగ్గించినవని ప్రకటించినారు. కాని మరొక ఆచారమున్నది; దానిని మాత్రము ఖండించక తప్పదు. పుట్టిన కొద్ది రోజులకు ఆడ, మగ భేదము లేకుండ శిశువుల రొమ్ములు ఉబ్బవచ్చును, ఒక్కొక్కప్పుడు పాలవంటి చుక్క కూడ రావచ్చును. అది తల్లి హార్మోనుల ప్రభావము, తనంతట తానే పోతుంది. నీళ్ళు పోసే ముసలమ్మ దానిని ‘పిండి తీయవలె’నని ఒత్తుతుంది. ఆ ఒత్తుడువలన పసికందుకు చీము పట్టి, ఆసుపత్రిలో గడ్డ కోయవలసి వస్తుంది. ఆడపిల్లల విషయములో ఆ చీము ముందు ముందు ఎదుగవలసిన రొమ్మును శాశ్వతముగా చెరుపవచ్చును. ఈ సంచికను ఇంటికి తీసికొనిపోయే విద్యార్థినులు ఈ ఒక్క సంగతి నానమ్మకు చదివి వినిపిస్తే మాకు చాలు.

చనుమొన చెప్పే సంకేతములు మరి కొన్ని ఉన్నవి. పుట్టుకనుండి మొన లోపలికి ఉండుట దోషము కాదు. బాగుగా ఉన్న మొన నడివయసులో కొత్తగా లోపలికి లాగుకొనిపోతే వెంటనే చూపించవలెను. రెండు వైపుల పాలవంటి స్రావము మందులవలనను, థైరాయిడు మొదలైన గ్రంథుల లోపములవలనను రావచ్చును. ఒక్క వైపునుండే, నొక్కకయే, రక్తపు చారతో వస్తే ఆలస్యము పనికిరాదు. చర్మము నారింజ తొక్కవలె గుంటలు పడుట, చంకలో గడ్డ తగులుట కూడ అటువంటివే. ఇక ఒక మొనపై మాత్రమే గజ్జివలె పొరలు రేగి, దురద పెట్టి, లేపనములకు లొంగని పుండు ఉన్నది. లండనులోని జేమ్స్ పాజెట్ అనే శస్త్రవైద్యుడు 1874లో ఇటువంటి 15 మంది స్త్రీలను గూర్చి వ్రాసినాడు. ఆ పుండు కనబడిన రెండేళ్ళ లోపల వారందరికీ రొమ్ములో క్యాన్సరు తేలినది. ఆ వ్యాధికి నేటికీ అతని పేరే. మా ఎరుకలోనే ఒక గృహిణి పదకొండు నెలల పాటు మూడు రకముల గజ్జి మందు రాచుకొన్నది. ఒక్క మొనకే గజ్జి ఎందుకు పట్టినదని ఆమెను అడిగినవారు లేరు. అడుగుటకు ఆమె ఎవరికైనా చెప్పుకొన్నది గనుకనా!

ఆలస్యము సంగతి కొత్త విద్య కాదు. వెయ్యేళ్ళ క్రిందట స్పెయినులోని కార్డోబా ప్రాంతమున అల్ జహ్రావీ అనే ప్రసిద్ధ శస్త్రవైద్యుడు తన గ్రంథములో దీనిని స్పష్టముగా చెప్పినాడు. గడ్డ చిన్నదై, తొలి దశలో ఉంటే కోసి తీయవచ్చుననీ, ముదిరి పెద్దదైనదానిని తాను నయము చేయలేదనీ, చేసినవారినీ చూడలేదనీ అతని మాటల సారము. మత్తుమందు, సూక్ష్మదర్శిని లేని కాలములో అతడు గ్రహించినది మన వీధులకు ఇంకను చేరలేదు. అతని పేరు చెప్పుకొని గర్వించుటకు మాత్రము మనము ఏ సభలోనూ వెనుకాడము.

పరదా ఉన్న ఇళ్ళలో పురుష వైద్యునికి చూపుట ఎట్లన్న ప్రశ్న వస్తుంది. వైద్యురాలు దొరికినచోట ఆమెకే చూపుట సబబు. దొరకనప్పుడు ప్రాణావసరము నిషేధమును సడలిస్తుందన్నది మన ధర్మశాస్త్రవేత్తలందరూ అంగీకరించిన సూత్రము. ‘హయా’ అనగా మర్యాద. వ్యాధిని దాచుట దానిలో భాగమని ఏ ఆలిమూ చెప్పగా మేము వినలేదు.

స్వీయ పరీక్షను గూర్చి కూడ ఒక మాట. షాంఘై నగరములోని బట్టల మిల్లులలో 2,66,000 మందికి పైగా స్త్రీలతో జరిగిన పరిశోధన ఫలితములు 2002లో వెలువడినవి. వారిలో సగము మందికి ప్రతి నెల తమ రొమ్మును తామే వరుసగా తడిమి చూచుకొను పద్ధతి నేర్పినను మరణములు తగ్గలేదు. కనుక పద్యము వల్లెవేసినట్లు నెలనెలా తడుముకొని భయపడవలెనని మేము చెప్పము. తన రొమ్ము సహజముగా ఎట్లుంటుందో తనకు తెలియుట, మారినప్పుడు నోరు విప్పుట ముఖ్యము. మన దేశమునకు నప్పే మార్గమును బొంబాయిలోని టాటా స్మారక ఆసుపత్రి చూపినది. 1998లో మొదలుపెట్టి లక్షన్నర మంది స్త్రీలను ఇరవై యేళ్ళ పాటు గమనించినారు. వారిలో సగము మందిని శిక్షణ పొందిన సామాన్య ఆరోగ్య కార్యకర్త్రులు రెండేళ్ళకొకసారి చేతితో పరీక్షించినారు. 50 యేళ్ళు దాటినవారిలో మరణములు సుమారు 30 శాతము తగ్గినట్లు 2021లో ప్రకటించినారు. అంతకంటె చిన్నవారిలో అంత లాభము కనబడలేదు. పెద్ద యంత్రము లేదు. శిక్షణ పొందిన చేయి, చూపుటకు ఒప్పుకొన్న స్త్రీ – ఇవే సాధనములు. 30 యేళ్ళు దాటిన స్త్రీలకు అయిదేళ్ళకొకసారి ఈ పరీక్ష చేయవలెనని కేంద్ర ప్రభుత్వము 2016లో మార్గదర్శకములు ఇచ్చినది. మన అమ్మలలో, అత్తలలో ఎందరు చేయించుకొన్నారో విద్యార్థులే ఇంట అడిగి చూడవచ్చును.

చికిత్సకు తావు లేదనుట కూడ సాకే. హైదరాబాదు రెడ్ హిల్స్‌లోని ప్రభుత్వ క్యాన్సరు ఆసుపత్రి 1955 నాటిది. గుజరాతు రాష్ట్రమునకు మొదటి గవర్నరుగా పనిచేసిన మెహదీ నవాజ్ జంగ్ పేరు మీద నేటికీ నడుస్తున్నది. 2007లో ఉమ్మడి రాష్ట్రములో మొదలైన ఆరోగ్యశ్రీ పథకములో క్యాన్సరు చికిత్సలు చేరి ఉన్నవి. అయినను ఆ ఆసుపత్రికి తల్లిని తీసికొనిపోయే బస్సు చార్జీ ఎవరి జేబులో ఉంటుంది? కొడుకు జేబులో, తమ్ముని జేబులో. అందుకే ఈ పాఠము బాలికలకు మాత్రమే చెప్పి బాలురను బయట నిలబెట్టుటకు మేము ఒప్పుకొనము. తల్లి ‘గుండెలో నొప్పి’ అన్నప్పుడు ఎక్కడ అని మెల్లగా అడుగగలిగిన కొడుకు కావలెను.

కళాశాల కమిటీ పెద్దలకు మా విన్నపము స్వల్పము. వార్షికోత్సవపు షామియానాకు, మెమెంటోలకు అయ్యే ఖర్చులో పదవ వంతు దీనికి సరిపోతుంది. సంవత్సరమునకు ఒక పూట, బాలికలకు ఒక గంట, బాలురకు వేరుగా ఒక గంట, ఒక వైద్యురాలిని పిలిపించండి. ఆమె తెలుగులోను ఉర్దూలోను మాట్లాడగలిగినవారై ఉండవలెను. ‘అక్కడ’, ‘ఆ భాగము’ అని కాక అవయవమును దాని పేరుతో చెప్పేవారై ఉండవలెను. తల్లులు కూడ రావచ్చునని ఆహ్వానములో వ్రాయండి. నోటితో అడుగలేనివారు పేరు లేని చీటీలపై తమ ప్రశ్నలు వ్రాసి ఇవ్వవచ్చును. ఆ చీటీల పెట్టెను గ్రంథాలయములో పత్రికల బల్ల ప్రక్కన ఉంచుటకును, తాళము వైద్యురాలి చేతికే ఇచ్చుటకును మేము బాధ్యత వహిస్తాము.