తెల్లకోటు వేసుకున్న ప్రతివారూ నర్సు కారు



మీ ఇంట్లో ఎవరికైనా ఆపరేషన్ అవసరమైతే వైద్యుని గురించి మీరు ఎంతో విచారిస్తారు. ఎక్కడ చదివాడు, చేతివాసి ఎలాంటిది, ఇటువంటి ఆపరేషన్లు ఎన్ని చేశాడు అని నలుగురిని అడిగి తెలుసుకుంటారు. అది ఉచితమే. అయితే ఆ వైద్యుడు రోగి దగ్గర ఉండేది గంటో, రెండు గంటలో. ఆ తరువాత రెండు మూడు రోజులు, ముఖ్యంగా రాత్రివేళ, రోగిని కనిపెట్టుకొని ఉండేది నర్సు. ఆమె ఏమి చదివింది, ఎక్కడ శిక్షణ పొందింది, నర్సుల కౌన్సిల్‌లో ఆమె పేరు నమోదై ఉన్నదా అని మీలో ఎంతమంది అడిగారు?

అడగకపోవడం వల్లనే ఒక అన్యాయం మన కళ్ళెదుట నిరాటంకంగా సాగుతున్నది. ఉద్యోగ విరమణ తరువాత బంధుమిత్రులను పరామర్శించడానికి అనేక చిన్న ప్రైవేటు ఆసుపత్రులకు వెళ్ళాను. ఇంటర్మీడియట్‌తో చదువు ఆపివేసిన ఆడపిల్లలు తెల్లకోటు వేసుకొని సూదిమందు ఇవ్వడం, సెలైన్ పెట్టడం, రక్తం ఎక్కించడం చూశాను. మనవాళ్ళు వారిని 'నర్సమ్మా' అని ఆప్యాయంగా పిలుస్తారు. ఆ పిల్లలను నిందించడం నా ఉద్దేశం కాదు. వారు పేదింటి బిడ్డలు, చెప్పిన పని చేస్తున్నారు. అన్ని ఆసుపత్రులూ ఇలాంటివేనని కూడా అనను. కాని నర్సింగ్ చదవనివారి చేత నర్సు పని చేయించడం రోగిని మోసగించడమే. దీనికి మరొక పేరు లేదు.

నర్సు పని అంటే ఏమిటి?

వైద్యుడు చీటీ మీద వ్రాసినది రోగికి అందించడమే నర్సు పని అని చాలామంది అనుకుంటారు. కొందరు వైద్యులూ అలాగే అనుకోవడం మరింత విచారకరం. రెండు ఉదాహరణలు చెబుతాను.

గర్భిణికి రక్తపోటు పెరిగి ఫిట్స్ వచ్చినప్పుడు మెగ్నీషియం సల్ఫేట్ ఇస్తాము. తల్లిని కాపాడే మందు అది. మొదటి మోతాదు తరువాత నాలుగు గంటలకొకసారి ఇవ్వమని వైద్యుడు వ్రాస్తాడు. శిక్షణ లేని పిల్ల గడియారం చూసి ఇచ్చేస్తుంది. చదువుకున్న నర్సు మొదట మూడు విషయాలు చూస్తుంది. మోకాలి మీద తట్టితే కాలు కదులుతున్నదా? నిమిషానికి కనీసం 16 సార్లు శ్వాస తీసుకుంటున్నదా? గంటకు కనీసం 30 మిల్లీలీటర్ల మూత్రం వస్తున్నదా? వీటిలో ఏది లోపించినా మందు ఆపి వైద్యుని పిలుస్తుంది. విరుగుడైన కాల్షియం గ్లూకోనేట్‌ను చేతికందేలా ఉంచుకుంటుంది. ఈ మూడూ చూడకుండా మోతాదు వెంట మోతాదు ఇస్తూ పోతే, ప్రాణం నిలిపే మందే శ్వాసను ఆపివేయగలదు.

రెండవది ఇన్సులిన్. మన దేశంలో మిల్లీలీటరుకు 40 యూనిట్లు ఉండే సీసాలు, 100 యూనిట్లు ఉండే సీసాలు రెండూ దొరుకుతాయి. వాటికి తగిన సిరంజీలు వేరువేరు. వంద యూనిట్ల మందును నలభై యూనిట్ల సిరంజిలో '20' గుర్తు వరకు తీస్తే, రోగి ఒంట్లోకి వెళ్ళేది 20 యూనిట్లు కాదు, 50 యూనిట్లు. అంటే రెండున్నర రెట్లు. అర్ధరాత్రి రక్తంలో చక్కెర పడిపోయి స్పృహ తప్పిన ముసలాయనను చూసి, 'గాఢనిద్రలో ఉన్నారు' అనుకునేవారికి, వెంటనే చక్కెర పరీక్ష చేసేవారికి మధ్య ఉన్న తేడాయే నర్సింగ్ విద్య.

మన ఉప్పలగుప్తం మండలంలో రొయ్యల చెరువులున్నవారికి ఈ సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. తెల్లవారుజామున నీటిలో ప్రాణవాయువు తగ్గి రొయ్యలు పైకి తేలుతున్నాయని గుర్తించి, ఏరియేటర్ వేయగల మనిషినే కాపలా పెడతారు. పని తెలియనివాడికి చెరువు అప్పగించరు. కొబ్బరి దింపుకు సైతం అలవాటైనవానినే పిలుస్తారు. కన్నతల్లిని మాత్రం ఎవరికి అప్పగిస్తున్నామో అడగరు!

పరిశోధనలు ఏమంటున్నాయి?

ఇది కేవలం నా అభిప్రాయం కాదు. అమెరికాలో లిండా ఐకెన్ అనే నర్సింగ్ ఆచార్యురాలి బృందం పెన్సిల్వేనియాలోని 168 ఆసుపత్రులను పరిశీలించి 2002లో ఫలితాలు ప్రకటించింది. ఒక్కొక్క నర్సు చూడవలసిన రోగుల సంఖ్య ఒకటి పెరిగిన కొద్దీ, శస్త్రచికిత్స పొందినవారు 30 రోజులలోపు మరణించే అవకాశం సుమారు 7 శాతం పెరిగినట్లు అందులో తేలింది. 2014లో ఐరోపాలోని 9 దేశాలలో, 300 ఆసుపత్రులలో, 4 లక్షలకు పైగా రోగుల వివరాలతో చేసిన అధ్యయనమూ అదే చెప్పింది. డిగ్రీ చదివిన నర్సుల వాటా 10 శాతం పెరిగితే మరణావకాశం 7 శాతం తగ్గినట్లు కూడా చూపింది. ఇటువంటి అధ్యయనాలు రెండు విషయాల నడుమ సంబంధాన్ని చూపుతాయే తప్ప కారణాన్ని సంపూర్ణంగా నిరూపించవని నాకు తెలుసు. కాని వేర్వేరు దేశాలలో ఒకే ఫలితం వస్తున్నప్పుడు దానిని తోసిపుచ్చడం వివేకం కాదు. పైగా ఆ అధ్యయనాలలోని నర్సులందరూ చదువుకొని నమోదైనవారే. ఎక్కువ చదువుకూ తక్కువ చదువుకూ ప్రాణాలలో ఇంత తేడా ఉంటే, అసలు చదువే లేనిచోట ఎంత ఉంటుందో మీరే ఊహించండి.

చట్టాలకు కొదవ లేదు

నర్సుల నమోదు కొత్త ఆలోచన కాదు. కోనసీమ మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న రోజుల్లోనే, 1926లో, నర్సులు, మంత్రసానుల చట్టం వచ్చింది. 1947లో భారత నర్సింగ్ కౌన్సిల్ చట్టం వచ్చింది. దానికి ముందు సంవత్సరం భోర్ కమిటీ, దేశంలో 43,000 మందికి ఒక్క నర్సు ఉన్నదని లెక్క తేల్చింది. ప్రైవేటు ఆసుపత్రుల నమోదుకు మన రాష్ట్రంలో 2002 నాటి చట్టం ఉన్నది. 2023లో పార్లమెంటు జాతీయ నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టాన్ని ఆమోదించింది. విద్యకు ఒకటి, కళాశాలల తనిఖీకి ఒకటి, నీతినియమాలకూ నమోదుకూ ఒకటి చొప్పున మూడు బోర్డులను అందులో నిర్దేశించారు. రాష్ట్ర కమిషన్లను ఏర్పాటు చేసే బాధ్యతను రాష్ట్రాలపై ఉంచారు.

తొంభై ఏడేళ్ళ వ్యవధిలో ఇన్ని చట్టాలు చేసుకున్నాము. రాత్రి పది గంటల తరువాత ఒక చిన్న ఆసుపత్రి తలుపు తట్టి, 'ఈ వార్డులో ఉన్నవారి నమోదు పత్రాలు చూపండి' అని అడిగే అధికారి మాత్రం కనిపించడు. తనిఖీ అంటే ముందుగా కబురుపెట్టి పగటిపూట వచ్చి రిజిస్టరు మీద సంతకం చేసి వెళ్ళడం కాదు.

కళాశాలల మాట

ధ్రువపత్రం ఉంటే చాలునా? అదీ చాలదు. బి.ఎస్సీ. నర్సింగ్ కళాశాల పెట్టాలంటే కనీసం 100 పడకల సొంత ఆసుపత్రి, పదిమంది విద్యార్థులకు ఒక అధ్యాపకుడు ఉండాలని కౌన్సిల్ నియమం. ఆ నియమం గాలికి పోతే ఏమవుతుందో మధ్యప్రదేశ్ చూపింది. హైకోర్టు ఆదేశంపై సి.బి.ఐ. అక్కడి 308 నర్సింగ్ కళాశాలలను పరిశీలించి 169 సక్రమంగా ఉన్నాయనీ, 73 లోపాలతో ఉన్నాయనీ, 66 అనర్హమైనవనీ నివేదించింది. తరువాత 2024 మే నెలలో, ఆ విచారణ చేసిన అధికారే కళాశాలల నుండి లంచం తీసుకున్నాడన్న ఆరోపణపై అరెస్టయ్యాడు. కంచే చేను మేయడమంటే ఇదే.

రోగిని తాకకుండా నర్సు తయారు కాదు. ప్రసవాల గది చూడని విద్యార్థిని చేతికి పట్టా ఇవ్వడం, నీళ్ళలో దిగనివానికి ఈతగాడని ధ్రువపత్రం ఇవ్వడం వంటిది. మన రాష్ట్రంలోని ప్రతి నర్సింగ్ కళాశాల తన అధ్యాపకుల జాబితాను, అనుబంధ ఆసుపత్రిలో రోజూ నిండే పడకల సంఖ్యను బహిరంగంగా ప్రకటించాలి. సక్రమంగా నడిచే కళాశాలలకు దీనివల్ల వచ్చే నష్టమేమీ లేదు.

యాజమాన్యాల సమాధానాలు

'అర్హత గల నర్సులు దొరకడం లేదండీ' అన్నది మొదటి సమాధానం. దొరకకపోవడం కాదు, మీరిచ్చే జీతానికి రాకపోవడం. మూడేళ్ళ జి.ఎన్.ఎం., నాలుగేళ్ళ బి.ఎస్సీ. చదివిన పిల్లలు హైదరాబాదుకు, గల్ఫ్ దేశాలకు, ఇప్పుడు జర్మన్ భాష నేర్చుకొని జర్మనీకి వెళుతున్నారు. వారి సేవలు అక్కడికి కావలసివచ్చాయి గాని అమలాపురానికి అక్కరలేదా?

'చిన్న ఆసుపత్రి, అంత భరించలేము' అన్నది రెండవది. సుప్రీంకోర్టు 2016 జనవరిలో ఇచ్చిన ఆదేశం మేరకు ఏర్పడిన కమిటీ ఈ మాటనూ ఆలోచించింది. 200 పడకలు దాటినచోట ప్రభుత్వ నర్సుతో సమానంగా ఇవ్వాలన్నది. పడకలు తగ్గిన కొద్దీ కొంత సడలింపు ఇచ్చింది. 50 పడకల లోపు ఆసుపత్రులలోనైనా నెలకు 20,000 రూపాయలకు తగ్గకూడదని సిఫారసు చేసింది. కేరళలో నర్సులు పోరాడి, 2018లో ఆ 20,000 రూపాయలను కనీస వేతనంగా ప్రభుత్వం చేత ప్రకటింపజేసుకున్నారు. కొత్త స్కానింగ్ యంత్రానికి అప్పు చేయగలిగిన యాజమాన్యం ఇద్దరు నర్సులకు జీతం ఇవ్వలేనంటే నేను నమ్మను.

'మేమే పని నేర్పుకుంటాము' అన్నది మూడవది. సూది గుచ్చడం నెల రోజులలో నేర్పవచ్చు. ఎప్పుడు గుచ్చకూడదో నేర్పడానికి సంవత్సరాలు పడుతుంది. గ్రామాలలోని ఆరోగ్య కేంద్రాలలో మీ రక్తపోటు, మధుమేహం చూస్తున్న ఎం.ఎల్.హెచ్.పి.లు బి.ఎస్సీ. నర్సింగ్ చదివినవారే. ప్రభుత్వం ఒక ఊరి ఆరోగ్యాన్ని నర్సు చేతిలో పెట్టదగినదని నమ్ముతున్నప్పుడు, ఆ పని ఎవరైనా చేయగలరనడం అవమానకరం.

నా తోటి వైద్యులకు ఒక మాట. నర్సును సహాయకురాలిగా గాక సహవృత్తి నిపుణురాలిగా చూడండి. రాత్రి రెండు గంటలకు ఆమె ఫోన్ చేస్తే విసుక్కోకండి. విసుక్కున్నచోట రెండవసారి ఫోన్ రాదు, ఆ మూల్యం రోగి చెల్లిస్తాడు.

మీరు చేయవలసినది

ఈసారి ఆసుపత్రిలో చేరినప్పుడు మర్యాదగా మూడు ప్రశ్నలు అడగండి. రాత్రి డ్యూటీలో కౌన్సిల్‌లో నమోదైన నర్సు ఎవరు? ఆమె ఎంతమంది రోగులను చూస్తున్నారు? సాధారణ ఆసుపత్రిలో ఐదుగురికి ఒకరు, ఐ.సి.యు.లో ఒకరికి ఒకరు ఉండాలన్నది ప్రమాణం. అత్యవసరమైతే వైద్యుడు ఎంతసేపటిలో వస్తారు? సమాధానం చెప్పడానికి యాజమాన్యం తడబడితే, అదే మీకు సమాధానం. తరువాత జిల్లా వైద్యాధికారికి వ్రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి.

మీ అమ్మాయిని నర్సింగ్‌లో చేర్పించదలచుకుంటే కళాశాల భవనాన్ని గాక, దాని ఆసుపత్రిలో పడకలు నిండి ఉన్నాయో లేదో చూడండి. చదివి వచ్చిన నర్సమ్మ మీ ఇంటి రోగిని చూస్తున్నప్పుడు 'ఓ అమ్మాయ్' అని కేకవేయకుండా 'సిస్టర్ గారూ' అని పిలవండి. ఆ గౌరవం ఆమె చదువుకు దక్కవలసినది.